పది రోజులు తిరిగొచ్చాక కూడా సొంత ప్రాజెక్టు బతికుండాలంటే

నా ల్యాప్‌టాప్‌లో 'కొత్తది', 'కొత్తది2', 'ఈసారి నిజంగా' అని మూడు ఫోల్డర్లు ఉన్నాయి. మూడూ ఒకే ప్రాజెక్టు. ప్రయాణాల్లో తీసిన ఫొటోలు ఎప్పుడు తీసినవో, ఎక్కడ తీసినవో చూసి, రోజుల వారీగా పేర్చి మ్యాప్ మీద పెట్టే చిన్న ప్రోగ్రాం. మొదటి రెండుసార్లూ సగంలో ఆగిపోయింది. రెండుసార్లూ జరిగింది ఒకటే. మధ్యలో పది రోజులు ఎటో వెళ్లాను. తిరిగొచ్చి ఫోల్డర్ తెరిస్తే ఎక్కడ ఆపానో అర్థం కాలేదు. అది అర్థం చేసుకోవడానికి ఒక సాయంత్రం పోయింది. రెండో సాయంత్రాన్ని ఆఫీసు పని మింగేసింది. మూడో సాయంత్రం 'అసలు మొదటి నుంచి రాస్తే శుభ్రంగా ఉంటుంది కదా' అనిపించింది. ఆ ఆలోచన వచ్చిందంటే ప్రాజెక్టు పోయినట్టే.

టైం లేక ఆగిపోయిందని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి టైం ఉంది. వారంలో రెండు సాయంత్రాలు, అప్పుడప్పుడు రైల్లో మూడు నాలుగు గంటలు. కూర్చున్న ప్రతిసారీ మొదటి నలభై నిమిషాలు 'నేను ఏం చేస్తున్నానబ్బా' అని వెతుక్కోవడానికే పోయేవి. ఉన్నదే గంటైతే ఇక పనికి మిగిలేది ఎంత? మూడోసారి ఆ నలభై నిమిషాలను ఐదుకు దించడం మీదే దృష్టి పెట్టాను. ఈ మూడో ఫోల్డర్ రెండేళ్లుగా బతికే ఉంది. మధ్యలో నాలుగు పెద్ద ప్రయాణాలూ ఒక ఉద్యోగం మార్పూ తట్టుకుంది. నేను చేసేది ఇదీ.

ఆపేటప్పుడు ఐదు నిమిషాలు

ప్రాజెక్టు ఫోల్డర్‌లో 'ఇక్కడ ఆగాను' అని ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టుకోండి. ల్యాప్‌టాప్ మూసే ముందు అందులో మూడు విషయాలు రాయండి: ఇప్పుడు ఏం చేస్తున్నాను, తర్వాత చేయాల్సిన మొదటి పని ఏమిటి, ఏం ప్రయత్నించి విఫలమయ్యాను. మూడోది అందరూ వదిలేస్తారు. అసలు విలువ దానిదే. పోయిన నెల నా ఫైల్లో ఉన్నది ఇది: "దగ్గరి ఊరు వెతికే ఫంక్షన్ నెమ్మదిగా ఉంది. అక్షాంశం మీద ఇండెక్స్ పెట్టి చూశాను, చాల్లేదు. రేఖాంశం మీద కూడా హద్దు పెట్టి చూడాలి. ముందు టెస్ట్ రాయి." పన్నెండు రోజుల తర్వాత ఇది చదివితే, ఇండెక్స్ (డేటాబేస్‌లో వెతకడం వేగంగా జరగడానికి పెట్టే సూచిక) పెట్టి మళ్లీ ఒక సాయంత్రం పాడుచేసుకోకుండా నేరుగా పనిలోకి దిగాను.

'తర్వాత చేయాల్సిన పని' అనే చోట 'సెర్చ్ మెరుగుపరచాలి' లాంటివి రాయకండి. అది పని కాదు, కోరిక. ఏ ఫైల్ తెరవాలో, ఏ ఫంక్షన్‌లో చేయి పెట్టాలో రాయండి. అలసిపోయి, నిద్ర మత్తులో ఉన్న మనిషి కూడా చదివి మొదలుపెట్టగలగాలి. తిరిగొచ్చేది ఆ మనిషే.

ఇంకా మంచి దారి ఒకటుంది. చివరగా ఒక ఫెయిలయ్యే టెస్ట్ (కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే చిన్న కోడ్) రాసి వదిలేయండి. ఆఫీసులో ఇలా చేస్తే సహోద్యోగులు ఊరుకోరు, నిజమే. ఒంటరిగా చేసుకునే ప్రాజెక్టులో మాత్రం ఇది దారి చూపించే వేలు లాంటిది. తిరిగొచ్చి టెస్టులు నడిపితే ఎర్రగా ఒకటి కనిపిస్తుంది, అక్కడి నుంచి మొదలు.

సగంలో ఉన్న కోడ్‌ను 'గిట్ స్టాష్'లో దాచకండి (గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే పనిముట్టు, స్టాష్ అంటే అందులో తాత్కాలికంగా పక్కన పెట్టే చోటు). అక్కడ పెట్టినట్టే గుర్తుండదు. ఒక బ్రాంచ్‌లో (అసలు కోడ్‌కు పక్క దారి) 'సగం పని' అని మెసేజ్ పెట్టి కమిట్ చేసేయండి, అంటే ఆ చరిత్రలో భద్రపరచండి. తర్వాత సరిచేసుకోవచ్చు. గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టినప్పటి నుంచీ అందులో మొత్తం చరిత్ర మన మెషీన్‌లోనే ఉంటుంది కాబట్టి నెట్ లేకపోయినా కమిట్ ఆగదు. పుష్ (దాన్ని నెట్‌లోని సర్వర్‌కు పంపడం) తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ప్రాజెక్టును నడపడానికి ఒకే ఒక కమాండ్ ఉండాలి. నాది 'మేక్ రన్'. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, తర్వాత ఫలానా వేరియబుల్, ఆ తర్వాత డేటాబేస్ సర్వర్ అంటూ నాలుగు మెట్లుంటే రెండు వారాల్లో ఒక మెట్టు తప్పకుండా మర్చిపోతాం. నేను డేటాబేస్ సర్వర్‌ను పూర్తిగా తీసేసి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కు మారింది అందుకే. సర్వర్ లేదు, డేటా మొత్తం ఒకే ఫైల్. కాపీ చేసుకుంటే బ్యాకప్ అయినట్టే (ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు మాత్రం కాపీ చేయకండి).

ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీ (ఏదైనా పాడైతే వెంటనే చూసుకోవాల్సిన వంతు) దిగేటప్పుడు తర్వాతి వాళ్లకు ఇలాంటి నోటే రాస్తాం: ఏది పగిలింది, ఏది చూస్తున్నాం, ఏది ముట్టుకోవద్దు. పక్కవాళ్ల కోసం పదేళ్లుగా రాస్తున్నాను. నా కోసం నేను రాసుకోవాలని తట్టడానికే ఇంత కాలం పట్టింది.

బయల్దేరే ముందు రోజు వైఫై ఆపేయండి

ప్రయాణంలో కోడ్ రాద్దామని ల్యాప్‌టాప్ మోసుకెళ్లి, నెట్ లేక లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) దిగక, కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ప్రయాణాలు నాకు చాలానే ఉన్నాయి. (కిటికీలోంచి చూడటం తప్పేమీ కాదు. కానీ కావాలని చూడాలి, గతిలేక కాదు.)

అందుకే బయల్దేరే ముందు రోజు గంటసేపు వైఫై ఆపేసి పని చేసి చూడండి. ఏది ఆగిపోతుందో అప్పుడే తెలుస్తుంది. నాకు మొదటిసారి మూడు దొరికాయి. ఒక లైబ్రరీ ప్రతిసారీ నెట్ నుంచి ఏదో తెచ్చుకుంటోంది. భాష డాక్యుమెంటేషన్ నా దగ్గర లేదు. మూడోదే పెద్దది: ఫొటో తీసిన చోటు పేరు కోసం నా ప్రోగ్రాం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) వాళ్ల నామినాటిమ్ సర్వర్‌ను అడుగుతోంది.

ఆ పబ్లిక్ సర్వర్‌కు ఒక నియమం ఉంది, సెకనుకు ఒక్క ప్రశ్న మించకూడదు. నా దగ్గర 4,000 ఫొటోలున్నాయి. అంటే నెట్ ఉన్నా గంటకు పైనే. పైగా ఉచితంగా నడిచే సర్వర్‌ను అలా గుంపుగా అడగడం మర్యాద కూడా కాదు. బదులుగా జియోనేమ్స్ వాళ్లు ఇచ్చే ఊళ్ల జాబితాల్లో 500కు మించి జనాభా ఉన్నవాటిది దించుకుని ఎస్‌క్యూలైట్‌లో వేసుకున్నాను. ఇక విమానంలోనైనా పని చేస్తుంది. వీధి పేరు రాదు, దగ్గరి ఊరి పేరు వస్తుంది. నా ఫొటోలకు అది చాలు.

దగ్గరి ఊరు వెతకడం ప్రయాణానికి సరిగ్గా సరిపోయే పని. నెట్ అక్కర్లేదు, చిన్నది, టెస్ట్ రాయడం తేలిక. ముందు అక్షాంశ రేఖాంశాలతో ఒక పెట్టె గీసి, అందులో ఉన్న ఊళ్లకే హావర్‌సైన్ సూత్రంతో (గోళం మీద రెండు చోట్ల మధ్య దూరం చెప్పేది) దూరం లెక్కకట్టాలి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశం అలా కాదు, ధ్రువాల వైపు వెళ్తున్న కొద్దీ కుంచించుకుపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగమే. ఈ సంగతి మర్చిపోయి పెట్టెను చదరంగా గీస్తే ఉత్తరాదిన తీసిన ఫొటోలకు దగ్గరి ఊరు తప్పిపోవచ్చు. నేను మర్చిపోయాను, టెస్ట్ పట్టుకుంది.

కాబట్టి పనుల జాబితాను రెండుగా విడదీసి పెట్టుకోండి: నెట్ కావాల్సినవి, అక్కర్లేనివి. మొదటివి ఇంట్లో, రెండోవి దారిలో. పూర్తి డేటా కూడా మోసుకెళ్లకండి. నేను 4,000లోంచి 200 ఫొటోలు ఏరి పెట్టుకున్నాను. తేదీ లేనివి, తిరగబడినవి, రెండు కెమెరాలవి, అన్ని రకాల తలనొప్పులూ ఆ 200లో ఉండేలా చూసుకున్నాను.

దారిలో: కోడ్ తక్కువ, డేటా ఎక్కువ

ఇక్కడ నా అభిప్రాయం కాస్త మొండిది. కొత్త చోటికి వెళ్లి గదిలో కూర్చుని కోడ్ రాయకండి. రైలు, విమానం, ఎదురుచూపు, ఇవే కోడ్‌కు. కాలు బయట పెట్టాక ప్రాజెక్టు కోసం చేయాల్సింది డేటా పోగేయడం ఒక్కటే. అదీ జేబులోంచి తీయకుండా జరిగిపోవాలి.

నా ఫోన్ ప్రతి 10 సెకన్లకోసారి నేనున్న చోటును రాసుకుంటుంది. ఎనిమిది గంటలకు 2,880 బిందువులు, జీపీఎక్స్ ఫైల్‌గా (తిరిగిన చోట్లను సమయంతో సహా రాసే ఫైల్ రకం) చూస్తే అర ఎంబీ అటూ ఇటూ. ఫొటో తీసిన సమయాన్ని ఈ ఫైల్‌తో పోలిస్తే, ఆ క్షణంలో ఎక్కడున్నానో దొరుకుతుంది. వినడానికి ఎంత తేలికో చూశారా? నా ప్రాజెక్టు కష్టమంతా ఆ 'సమయం' అన్న ఒక్క మాటలోనే ఉంది.

ఓసారి భారత్ నుంచి నేపాల్‌కు రోడ్డు మీద వెళ్లాను. భారత సమయం యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయం) 5 గంటల 30 నిమిషాలు ముందు, నేపాల్ సమయం 5 గంటల 45 నిమిషాలు ముందు. తేడా పావుగంట. సరిహద్దు దాటగానే ఫోన్ తనంతట తాను గడియారం మార్చుకుంది. పాత కెమెరాకు ఆ తెలివి లేదు. నా ప్రోగ్రాం మాత్రం 'ఫొటో మీద ఉన్నది ఆ చోటి సమయమే' అని నమ్మింది. దాంతో ప్రతి ఫొటో నేను పావుగంట ముందు ఉన్న చోటికి వెళ్లి కూర్చుంది. బస్సు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుంటే 10 కిలోమీటర్లు వెనక. వంతెన మీద తీసిన ఫొటో మ్యాప్‌లో ఒక కొండ చరియ మీద ఉంది.

ఐదారు గంటల తేడా అయితే వెంటనే దొరికిపోయేది, అర్ధరాత్రి ఎండ కనిపిస్తుంది కదా. పావుగంట తప్పు నిజంలాగే ఉంటుంది. నాలుగు నెలలు గమనించలేదు. వంతెన గుర్తుండబట్టి పట్టుకున్నాను గానీ లేకపోతే ఇప్పటికీ అలాగే ఉండేది.

అసలు లోపం ఎక్కడుందంటే, ఫొటో ఫైల్లోనే కెమెరా రాసిపెట్టే ఎక్సిఫ్ సమాచారంలో తీసిన సమయం రాసే చోట ఏ టైమ్ జోన్ అన్నది ఉండదు. దానికంటూ విడిగా ఒక గడి 2016లో వచ్చిన ఎక్సిఫ్ 2.31తో గానీ రాలేదు. నా కెమెరా అంతకంటే పాతది. జీపీఎక్స్‌లోనేమో సమయం యూటీసీలో ఉంటుంది. ఈ రెండింటినీ కలపాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఊహించాలి. ఆ ఊహ తప్పితే అంతా తప్పు.

మీరు ఇలాంటిదేదైనా చేస్తుంటే ఈ మూడు జాగ్రత్తలు తీసుకోండి. కెమెరా గడియారాన్ని యూటీసీలో పెట్టి, ప్రయాణంలో దాన్ని మళ్లీ ముట్టుకోకండి. తెర మీద సమయం వింతగా కనిపిస్తుంది, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది. రెండోది, ప్రతిరోజూ మొదటి ఫొటోగా, సెకన్లతో సహా కనిపించేలా ఫోన్ గడియారాన్ని తీయండి. కెమెరా ఎంత ముందుందో, వెనకుందో ఆ ఒక్క ఫొటోతో తెలుస్తుంది. నాది రోజుకు రెండు సెకన్లు వెనకబడుతుందని అలాగే తెలిసింది. మూడోది కోడ్‌కు సంబంధించింది. ఫొటోలో ఉన్న సమయాన్ని ఉన్నదున్నట్టు ఒక కాలమ్‌లో, ఏ జోన్ అనుకున్నామో, ఎందుకనుకున్నామో ఇంకో కాలమ్‌లో, లెక్కకట్టిన యూటీసీని వేరే కాలమ్‌లో పెట్టండి. అసలు దాన్ని చెరిపి రాయకండి. ఊహ తప్పని తేలిన రోజు మళ్లీ లెక్క కట్టుకోవచ్చు. నేను మొదట్లో చెరిపి రాశాను. కెమెరా పాత మెమరీ కార్డులు వెతుక్కుంటూ ఒక ఆదివారం పోయింది.

ఇంకో చిక్కు: 'రోజు' అంటే యూటీసీ రోజు కాదు, ఆ చోటి రోజు. లేకపోతే ఒకే ఉదయం తీసిన ఫొటోలు రెండు రోజుల కింద విడిపోతాయి. '+5:45' లాంటి అంకెలు కోడ్‌లో రాసుకోకుండా 'ఏషియా/ఖాట్మండూ' లాంటి జోన్ పేర్లు వాడండి, చరిత్రలో జరిగిన మార్పులు వాటి వెనక ఉన్న టైమ్ జోన్ డేటాబేస్‌లో ఉంటాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో 3.9 వెర్షన్ నుంచి దీనికి 'జోన్‌ఇన్ఫో' ఉంది. నాకు ఇష్టమైన టెస్ట్ సమోవాది. ఆ దేశం దినరేఖకు అవతలి వైపుకి మారినప్పుడు 2011 డిసెంబర్ 30 అన్న తేదీయే అక్కడ లేకుండా పోయింది. 29 తర్వాత 31. ఆ తేదీ అడిగితే మీ ప్రోగ్రాం ఏం చెబుతుందో చూడండి, సరదాగా ఉంటుంది.

ఈ గొడవంతా పడ్డందుకు ఒకసారి ఆఫీసులో ఫలితం దక్కింది. రాత్రి ఒకసారి నడవాల్సిన రిపోర్ట్ ఒకటి, కొన్ని దేశాల్లో చలికాలానికి గడియారాలు గంట వెనక్కి జరిపే రోజున రెండుసార్లు నడిచింది. అందరూ క్యూలోనో డేటాబేస్‌లోనో తప్పు వెతుకుతుంటే, సర్వర్ గడియారం స్థానిక సమయంలో ఉందేమో చూడమన్నాను. అదే.

ఉన్న పనిముట్టును ముందు వెతకండి

ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. ఫొటోను జీపీఎక్స్‌తో కలిపి చోటు రాసే కోడ్ రెండు నెలలు రాశాక తెలిసింది, ఫిల్ హార్వే రాసిన ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రాం ఆ పని ఎప్పటి నుంచో చేస్తోందని. కెమెరా గడియారం తేడాను సర్దడంతో సహా. ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఆ రెండు నెలల కోడ్‌ను తీసేసి దాన్నే పిలుచుకున్నాను. ప్రాజెక్టు మూడో వంతుకు తగ్గింది. మిగిలిందంతా ఇంకెక్కడా దొరకనిది: నా రోజులు, నా పేర్లు, నాకు కావాల్సిన మ్యాప్. తిరిగొచ్చినప్పుడు అర్థం చేసుకోవాల్సిన కోడ్ కూడా అంతే తగ్గింది.

నేర్చుకోవడానికే రాస్తున్నానంటే మళ్లీ రాయండి, తప్పు లేదు. కానీ ఏది నేర్చుకోవడానికి, ఏది పూర్తి చేయడానికి అన్నది ముందే తేల్చుకోండి. నేను రెండూ ఒకటే అనుకోవడం కూడా మొదటి రెండు ఫోల్డర్లు ఆగిపోవడానికి ఒక కారణమే.

ఆఫీసు వైపు చూసుకోవాల్సినవి

ఉద్యోగ ఒప్పందం తీసి, మీరు తయారుచేసే వాటి మీద హక్కు ఎవరిదని రాశారో చదవండి. ఉద్యోగంలో ఉండగా రాసిన ప్రతిదీ తమదే అనే ఒప్పందాలు ఉంటాయి, ముందే రాసిచ్చి అనుమతి తీసుకోమనేవీ ఉంటాయి. ఉద్యోగం మారినప్పుడు నేను కొత్త చోట ఒక మెయిల్ రాసి, ప్రాజెక్టు పేరు చెప్పి, సరే అని జవాబు తెప్పించుకున్నాను. రెండు రోజుల పని. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత కోడ్ ఒక్క లైను కూడా వద్దు, ఆఫీసు కోడ్‌లోంచి ఒక్క ఫంక్షన్ కూడా ఇటు తెచ్చుకోవద్దు.

సెలవు మీద వెళ్లే ముందు రెండు రోజులు కొత్తది ఏదీ డిప్లాయ్ చేయను, అంటే వాడుకలోకి పంపను. శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చేసి రైలెక్కినవాళ్లెవరికీ ఆ రైల్లో నిద్ర పట్టదు. ఆన్‌కాల్ వంతు ఎవరికైనా అప్పగించి, ఆఫీసు చాట్‌ను ఫోన్‌లోంచి తీసేసే వెళ్తాను. నోటిఫికేషన్లు ఆపితే చాలదు, నా చేయి నాకు తెలుసు.

ల్యాప్‌టాప్ పోయే అవకాశం ప్రయాణంలోనే ఎక్కువ. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. విమానంలో అయితే పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్‌ఇన్ లగేజీలో వేయకూడదు. మామూలుగా 100 వాట్-అవర్లు దాటకుంటే విడిగా అనుమతి అడగరు. మీ పవర్ బ్యాంకు మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటే 3.7 వోల్టులతో లెక్కేస్తే 74 వాట్-అవర్లు.

తిరిగొచ్చిన మొదటి సాయంత్రం

కొత్త కోడ్ వద్దు. కార్డులోని ఫొటోలు, జీపీఎక్స్ ఫైళ్లు ల్యాప్‌టాప్‌లోకీ ఒక బయటి డిస్క్‌లోకీ కాపీ చేయండి. మూడో కాపీ ఇంట్లో కాకుండా వేరే చోట పడేదాకా కార్డు చెరపకండి. ఇది అరగంట పని, మధ్యలో బట్టలు సర్దుకోవచ్చు. రైల్లో చేసిన కమిట్లు పుష్ చేయండి.

రెండో సాయంత్రం 'ఇక్కడ ఆగాను' తెరిచి, అందులో రాసిన ఆ ఒక్క పనే చేయండి. దారిలో బుర్రలోకి వచ్చిన కొత్త ఆలోచనలు చాలా ఉంటాయి, నాకు ప్రతిసారీ 'మొత్తం రస్ట్‌లో మళ్లీ రాస్తే' అని వస్తుంది (రస్ట్ ఇంకో ప్రోగ్రామింగ్ భాష). వాటికి వేరే ఫైల్ పెట్టుకోండి. నా ఆ ఫైల్లో ఇప్పుడు నలభై ఒక్క ఆలోచనలున్నాయి. రెండేళ్లలో మూడు చేశాను. రస్ట్ సంగతి నాలుగుసార్లు రాసి ఉంది, నాలుగుసార్లూ తిరిగొచ్చిన వారంలోనే.